కార్చిచ్చూ, వరదా, ఒక పై చదువూ

2021వ సంవత్సరం నవంబరు నెలలో, ఒక్క వారం వ్యవధిలో, భూగోళానికి ఆ మూల ఒకటీ ఈ మూల ఒకటీ రెండు వరదలు వచ్చాయి. మొదటిది 14, 15 తేదీల్లో కెనడా దేశపు పడమటి కొసన ఉన్న బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో. రెండోది 19వ తేదీ తెల్లవారుజామున మన కడప జిల్లాలో, చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు. మొదటిదాని సంగతి మనవాళ్ళు చాలామంది విననే లేదు. రెండోది రాజంపేట చుట్టుపట్ల వాళ్ళకు తప్ప తక్కినవాళ్ళకు అప్పుడే మరుపున పడింది. రెంటినీ ఒకచోట చేర్చి ఎందుకు ఎత్తుకున్నానంటే, ఈ వారం నేను రాయబోయేది ఒక చదువు గురించి. ఆ చదువుకు ఈ రెండూ పాఠ్యపుస్తకాలే.

కెనడా కథ కాస్త వెనకనుంచి చెప్పాలి. ఆ రాష్ట్రంలో కొండల నడుమ, రెండు నదులు కలిసే చోట, లిట్టన్ అనే చిన్న ఊరుంది. మంచుదేశమని మనం అనుకునే ఆ దేశంలో, ఆ ఊళ్ళో, 2021 జూన్ 29న 49.6 డిగ్రీల ఎండ కాసింది. రెంటచింతలవాళ్ళూ కొత్తగూడెంవాళ్ళూ కూడా నోరు వెళ్ళబెట్టవలసిన ఎండ అది. మర్నాడే ఊరు అంటుకుని బూడిదైపోయింది. ఆ వేసవి అంతా ఆ ప్రాంతపు కొండల మీద అడవులు కాలుతూనే ఉన్నాయి. నాలుగున్నర నెలలు గడిచాయి. నవంబరు నడిమికి పసిఫిక్ సముద్రం మీదుగా, శాస్త్రజ్ఞులు 'వాతావరణ నది' అని పిలిచే నీటి ఆవిరి ప్రవాహం ఒకటి వచ్చి ఆ కొండలకు కొట్టుకుని కురిసింది. రెండు రోజులు కురిసింది. లిట్టన్‌కు తూర్పున ఉన్న మెరిట్ అనే ఊరు ఊరంతా, దాదాపు 7,000 మంది, ఇళ్ళు వదిలి పోవలసి వచ్చింది. రోడ్లు తెగాయి, రైలు పట్టాలు గాలిలో వేలాడాయి. వాంకూవర్ మహానగరానికీ తక్కిన కెనడాకూ రోడ్డున గాని రైలున గాని దారి లేకుండా పోయింది.

ఇంకో ముచ్చట. ఆ రాష్ట్రంలోనే సుమాస్ అనే సరస్సు ఒకటి ఉండేది. 1924 నాటికి దాని నీళ్ళన్నీ తోడేసి, చుట్టూ కట్టలు పోసి, అడుగునున్న మెత్తని నేలను వ్యవసాయానికి పంచేశారు. వంద సంవత్సరాలపాటు అక్కడ పాడిపశువులు మేశాయి, పంటలు పండాయి. 2021 నవంబరులో కట్ట తెగి, నీరు వచ్చి నిలిచింది. ఎక్కడ నిలిచిందంటారు? అచ్చంగా వెనకటి సరస్సు ఉన్న చోటే. కొల్లేటి ప్రాంతం వాళ్ళకు ఈ కథ నేను విడమరచి చెప్పనక్కరలేదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు మేడల ముందు నిలబడిన విజయవాడ సింగ్ నగర్ వాళ్ళకు అంతకంటె అక్కరలేదు.

సరే, ఎండాకాలంలో కాలిన అడవికీ, చలికాలంలో వచ్చిన వరదకూ సంబంధం ఉందా? ఉంటే ఎంత? వరదలో వానవంతు ఎంత, కాలిన కొండవంతు ఎంత, నరికిన చెట్లవంతు ఎంత, తప్పుచోట ఇళ్ళు కట్టుకున్న మనిషివంతు ఎంత? ఈ పంపకం తేల్చడమే ఇప్పుడు కొన్ని విశ్వవిద్యాలయాల్లో ఎం.ఎస్., పిహెచ్.డి. చేసే కుర్రవాళ్ళ పని. అడవి మంటల ముప్పునూ వరదల ముప్పునూ కలిపి తగ్గించే చదువు అది.

నెల క్రిందట కడప వైపునుంచి ఒక పాఠకుడు నాకు ఉత్తరం రాశారు. ఆయన నాలుగెకరాల పొలం మీద చెయ్యేరు ఇసుకమేట వేసింది. మూడెకరాల ఇసుక అప్పుచేసి తీయించారు. ఒక ఎకరం అలాగే పడి ఉంది. కూతురు వ్యవసాయ ఇంజనీరింగు పూర్తి చేసి, "నాన్నా, నేను కార్చిచ్చుల మీదా వరదల మీదా పరిశోధన చేస్తా"నని కూర్చుందట. చుట్టాలందరూ "చేసిన అప్పుకు ఇంకో అప్పు కలిపి పిల్లను కంప్యూటర్ల చదువుకు అమెరికా పంపు, రెండేళ్ళలో అన్నీ తీరిపోతా"యంటున్నారట. ఆయన మూడు ప్రశ్నలు వేశారు: ఇది చదువేనా? అన్నం పెడుతుందా? ఆడపిల్ల అడవుల్లో తిరిగే చదువు చదవవచ్చునా? నాలుగో ప్రశ్న కూడా ఒకటి ఉంది. అది చివర చెబుతాను.

తెలుగు పాఠాలు చెప్పుకునే మేష్టారికి ఈ గొడవ దేనికని మీలో కొందరు అనుకోవచ్చు. బి.ఎస్.సి., బి.టెక్. పిల్లలు కూడా మా తెలుగు క్లాసులోంచే పైకి పోతారు కనకా, పోయేముందు "తరవాత ఏం చదవమంటారు మేష్టారూ?" అని అడిగేది మమ్మల్నే కనకా, ఈ విషయాలు తెలుసుకోక తప్పడం లేదు. అదీగాక, అగ్నికీ వానకూ ముడిపెట్టిన వాళ్ళలో మావాళ్ళే మొదటివాళ్ళు. ఖాండవవనాన్ని అజీర్తి పట్టిన అగ్నిహోత్రుడు కబళించబోతే, ఇంద్రుడు పైనుంచి కుంభవృష్టి కురిపించాడు, అర్జునుడు ఆ వానను బాణాలతో కప్పు వేసి ఆపాడు. కప్పు తీసేశాక ఆ బూడిద మీద వాన పడితే యమున ఏ రంగుకు తిరిగిందో, దిగువ ఊళ్ళ గతి ఏమయిందో నన్నయగారు చెప్పలేదు. మా అమ్మాయిలాంటి వాళ్ళు అడగవలసిన ప్రశ్న అదే.

ఆ ముడి ఎలాంటిదో చెప్పుకుందాం. ఇంట్లో గచ్చు మీద ఒక గోనెపట్టా పరచి, దాని మీద చెంబెడు నీళ్ళు ఒంపి చూడండి. పట్టా పీల్చుకున్నంత పీల్చుకుని, తక్కినవి నెమ్మదిగా విడుస్తుంది. పట్టా తీసేసి ఒంపండి. నీళ్ళు గడప దాటి వీధిలోకి పోతాయి. అడవిలో రాలిన ఆకులపొర ఆ గోనెపట్టా. మంట మొట్టమొదట తినేది దాన్నే. ఇంతవరకు ఎవరైనా ఊహించగలరు. దీని క్రింద ఇంకో చిత్రం ఉంది. ఆకుల్లోనూ ఆకుకుళ్ళులోనూ మైనం, జిడ్డు వంటి పదార్థాలుంటాయి. మంట వేడికి అవి ఆవిరై, కొంత పైకి పోయినా, కొంత మట్టిలోకి దిగి, లోపల చల్లగా ఉన్నచోట మట్టిరేణువుల చుట్టూ పేరుకుంటాయి. అంచేత కాలిన నేలకు ఒకటి రెండు అంగుళాల లోపల నీరు దిగని పొర ఒకటి ఏర్పడుతుంది. తామరాకు మీద నీటిబొట్టు జారినట్టు ఆ పొర మీద వాననీరు జారిపోతుంది. అమెరికాలో కాలిఫోర్నియా కొండల మీద లెనార్డ్ డిబానో అనే శాస్త్రజ్ఞుడూ ఆయన తోటివాళ్ళూ 1960ల్లో ఈ సంగతి వివరంగా పరిశీలించారు.

దీని ఫలితం ఎంత ఘోరంగా ఉంటుందో చూడాలంటే అదే కాలిఫోర్నియాలో మాంటెసీటో అనే ఊరి కథ చూడండి. 2017 డిసెంబరులో ఆ ఊరి వెనక కొండలు కాలాయి. 'థామస్ ఫైర్' అని దానికి పేరు. దాదాపు 2,80,000 ఎకరాలు. ఊరు మాత్రం చాలామటుకు మంటనుంచి తప్పించుకుంది. హమ్మయ్య అనుకున్నారు. 2018 జనవరి 9న తెల్లవారకముందే కొండమీద పెద్ద వాన పడింది. బూడిదా బురదా బండరాళ్ళూ కలిసి వెల్లువగా ఊరిమీద పడ్డాయి. 23 మంది పోయారు. మంట ఆర్పాక పని అయిపోయిందని మనం అనుకుంటాం గాని, కాలిన కొండకు అసలు గండం మొదటి వానతోనే.

ఆ జిడ్డుపొర ఉందో లేదో తెలుసుకునేందుకు పరిశోధకులు చేసే పరీక్ష వింటే మీకు నవ్వు వస్తుంది. కాలిన నేల మీద ఒక నీటిబొట్టు వేసి, అది ఇంకడానికి ఎన్ని సెకండ్లు పడుతుందో గడియారం చూసి రాసుకోవడమే! పిచికారీ గొట్టం, చేతిగడియారం, నోటుపుస్తకం ఉంటే చాలు. అయితే పది అడుగులకు ఒక బొట్టు, కొండంతా, మంట తరవాత వారానికీ, నెలకూ, ఏడాదికీ వేసుకుంటూ పోవాలి. ఓపిక కావాలి.

ఇక అడవికీ వరదకూ ఉన్న సంబంధం గురించి పండితులే ఒకరితో ఒకరు కుస్తీ పడుతున్నారు. ఇది చెప్పకపోతే ఈ చదువులోని రుచి మీకు తెలియదు. చెట్లు ఉంటే వరదలు తగ్గుతాయని మనకు చిన్నప్పుడే చెప్పారు. శాస్త్రజ్ఞులు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. పక్కపక్కన రెండు చిన్న లోయలు ఎన్నుకుని, ఒకదానిలో చెట్లు కొట్టి, రెండోదాన్ని అలాగే ఉంచి, ఏళ్ళ తరబడి రెండు వాగుల నీటినీ కొలిచారు. అమెరికాలో ఈ పని 1910లోనే కొలరాడోలో మొదలైంది. ఒకే వానకు రెండు వాగులూ ఎంతెంత పొంగాయో చూస్తే, చిన్న వానలప్పుడు చెట్లు కొట్టిన లోయ బాగా ఎక్కువ పొంగింది. పెద్ద వానలప్పుడు తేడా స్వల్పం. అంచేత "పెద్ద వరదలకు అడవితో నిమిత్తం లేదు" అన్న సిద్ధాంతం దశాబ్దాలపాటు చెలామణీ అయింది.

బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో యూనస్ అలీలా అనే ఆచార్యుడూ, ఆయన సహచరులూ 2009లో 'వాటర్ రిసోర్సెస్ రీసెర్చ్' పత్రికలో ఒక వ్యాసం రాసి, ప్రశ్నే తప్పు వేశారన్నారు. ఒక వానకు వాగు ఎంత ఎక్కువ పొంగింది అని కాదు, అంత పెద్ద పొంగు ఎన్నేళ్ళకొకసారి వస్తున్నది అని అడగాలన్నారు. ఇది అర్థం కావడానికి నా లెక్క ఒకటి చెబుతాను. ఒక ఊళ్ళో మగవాళ్ళందరి ఎత్తూ ఒక్క అంగుళం పెరిగిందనుకోండి. వీధిలో చూసేవాడికి తేడా తెలియదు. పాతకాలపు ఇంటి గుమ్మం దగ్గర నిలబడి, తల తగిలించుకునేవాళ్ళను లెక్కపెట్టి చూడండి. నిన్న నెలకొకడికి తగిలితే ఇవాళ వారానికొకడికి తగులుతుంది. పెద్ద వరద కూడా అంతే. దాని పరిమాణం ఇంచుమించు అంతే ఉన్నా, గుమ్మం తాకేది మాటిమాటికీ అవుతుంది. వంతెన కట్టేవాడికీ కట్ట పోసేవాడికీ కావలసిన లెక్క ఇదే కదా! ఈ వాదాన్ని అందరూ తలవంచి ఒప్పుకోలేదు. ఖండనలు వచ్చాయి, ఖండనలకు ఖండనలు వచ్చాయి. పండితులు ఇంకా పోట్లాడుకుంటున్న చోటే పిల్లకాయలకు పని దొరుకుతుంది. అందరూ ఏకాభిప్రాయానికి వచ్చిన శాస్త్రంలో పిహెచ్.డి. చేస్తే మిగిలేది సూచిక తయారుచేయడమే.

'వందేళ్ళ వరద' అన్న మాట గురించి కూడా ఇక్కడే చెప్పేయాలి. అది వంద సంవత్సరాలకు ఒకసారి వచ్చి, మళ్ళీ వందేళ్ళు నిద్రపోయే వరద కాదు. ఏ ఏడు తీసుకున్నా నూటికి ఒకపాలు వచ్చే అవకాశం ఉన్నది అని అర్థం. ముప్పై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉన్నవాడికి అది ఎదురయ్యే అవకాశం నూటికి 26 పాళ్ళు. గోదావరి భద్రాచలం దగ్గర 1986 ఆగస్టులో 75.6 అడుగులు ఎక్కింది. 2022 జూలైలో 71.3 అడుగులు ఎక్కింది. మొదటి వరదను ఇంటి గోడ మీద గీత గీసి పెట్టుకున్న మనిషి రెండోదాన్ని కూడా తన కళ్ళతోనే చూశాడు.

ఇంతకూ కెనడా లెక్కలు మన అడవులకు అతుకుతాయా? చాలావరకు అతకవు. అమ్మాయికి ఇది ముందే తెలిసి ఉండడం మంచిది. అక్కడ మంచు కురుస్తుంది. చెట్లు పోయినచోట మంచు ఎక్కువ పేరుకుని, ఎండ తగలగానే ఒక్కసారిగా కరిగి వరదవుతుంది. అక్కడి మంటలు దేవదారు జాతి చెట్ల తలలమీదుగా ఎగిరి పోతాయి. మన నల్లమలలోనూ శేషాచలంలోనూ మంట చాలావరకు నేలమీద పాకుతుంది. రాలిన ఆకునూ బోదగడ్డినీ తింటూ పోతుంది. పెద్దచెట్టు మాడి, మళ్ళీ చిగురిస్తుంది. అలాగని చిన్నవి కావు. 2014 మార్చిలో శేషాచలం మంటలను ఆర్పడానికి వైమానికదళం వారి హెలికాప్టర్లు బకెట్లతో నీళ్ళు మోయవలసి వచ్చింది. దేశంలోని అడవిలో నూటికి 36 పాళ్ళకు పైగా తరచు మంటలు వచ్చే ప్రమాదం ఉన్నదని అటవీ సర్వే సంస్థవారు 2019 నివేదికలో చెప్పారు. శేషాచలంలో మంట పాకిన వాలు మీద వాన ఎలా దిగుతుంది? చెయ్యేటికి చేరే వాగుల్లో ఎంత మట్టి ఎక్కువ వస్తుంది? ఆ మట్టి జలాశయాల అడుగున ఎంత పేరుకుంటుంది? ఈ ప్రశ్నలు కెనడాలో కూర్చుని తేలేవి కావు. పనితనం అక్కడ నేర్చుకున్నా, బొట్టు ఇక్కడి నేల మీదనే వేయాలి.

మంట ఎవరు పెట్టారన్న విచారణకు మనవాళ్ళ దగ్గర ఎప్పుడూ ఒకే జవాబు: అడవిలో ఉండేవాళ్ళు. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టుక్రింద ఆకు తగలబెట్టేవాళ్ళూ, తునికాకు లేతగా రావడానికి పొదలు కాల్చేవాళ్ళూ ఉన్నమాట నిజమే. బాట పక్కన బీడీముక్క పారేసే పెద్దమనుషులూ ఉన్నారు. బ్రిటిష్ కొలంబియాలో ఏమయిందో వినండి. అక్కడి ఆదివాసులు చల్లని రోజులు చూసుకుని, క్రింది పొదలను అదుపులో కాల్చేవాళ్ళు. 1874లో దొరలు చట్టం చేసి ఆ అలవాటు మీద ఉక్కుపాదం మోపడం మొదలుపెట్టారు. నిప్పు కనిపించినచోటల్లా ఆర్పేశారు. పుల్లా పుడకా నూరేళ్ళు పేరుకుంది. ఇప్పుడు పేరుకున్నదంతా ఒక్క ఎండాకాలంలో అంటుకుంటూంటే, విశ్వవిద్యాలయాల వాళ్ళు ఆ ఆదివాసుల ముసలివాళ్ళ వెంట తిరిగి, "ఏ నెలలో కాల్చేవారు, గాలి ఎటు ఉన్నప్పుడు కాల్చేవారు?" అని అడిగి రాసుకుంటున్నారు. మన చెంచులను, కొండరెడ్లను, కోయలను కూడా ఇలా అడిగే పరిశోధకులు ఎక్కువమంది రావాలి. ముద్దాయిలుగా కాదు, తెలిసినవాళ్ళుగా అడగాలి. అందుకు భాష రావాలి. ఇంగ్లీషులో ప్రశ్నల కాగితం పట్టుకుని వెళ్ళే పరిశోధకుడి కంటె, వాళ్ళ పలుకుబడి తెలిసిన పిల్ల నాలుగింతలు ఎక్కువ తెలుసుకుని వస్తుంది. ఆడపిల్ల అడవుల్లో తిరగవచ్చునా అన్న ప్రశ్నకు నా జవాబులో సగం ఇదే. తక్కిన సగం: అడవిలో ఎవ్వరూ ఒంటరిగా తిరగరు. జట్టుగా, అటవీశాఖ అనుమతితో, దారి తెలిసినవాణ్ణి వెంటబెట్టుకుని తిరుగుతారు. రాత్రి పదింటికి పట్నంలో సిటీబస్సు కోసం నిలబడే అమ్మాయికి ఉన్న భయం కంటె అడవిలో ఎక్కువ లేదు.

ఇక అన్నం సంగతి. ముందుగా చుట్టాల నోరు మూయించే మాట ఒకటి: ఈ చదువులో సగం కంప్యూటరే. ఉపగ్రహాలు పంపే బొమ్మలనుంచి మంట ఎక్కడ ఉందో, నీరు ఎంతవరకు ఎక్కిందో తీయడం, కురిసిన వాననుంచి రాబోయే వరదను లెక్కకట్టడం, వీటన్నిటికీ ప్రోగ్రాములు రాయాలి. గణాంకశాస్త్రం గట్టిగా రావాలి. డెహ్రాడూన్‌లోని అటవీ సర్వే సంస్థ 2004నుంచి ఉపగ్రహాల సాయంతో మంటల జాడ పట్టి రాష్ట్రాలకు కబురు పంపుతున్నది. మొదట్లో ఒక కిలోమీటరు చదరానికి ఒక చుక్కగా కనిపించేది, తరవాత వచ్చిన యంత్రంతో 375 మీటర్లకు ఒక చుక్కగా కనిపించసాగింది. హైదరాబాదులో బాలానగర్‌లో ఉన్న జాతీయ దూరగ్రహణ కేంద్రం వారు వరద నీరు ఎక్కడిదాకా పరచుకుందో పటాలు తీస్తారు. వాళ్ళ 'భువన్' పటాలు ఎవరైనా చూడవచ్చు.

చదువుకునే చోట్లు మన దేశంలోనే ఉన్నాయి. రూర్కీ ఐ.ఐ.టి.లో జలశాస్త్రానికి ప్రత్యేక శాఖ ఉంది. ఆ ఊళ్ళోనే జాతీయ జలశాస్త్ర సంస్థ ఉంది. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లో వ్యవసాయ ఇంజనీరింగు వాళ్ళకు నేలా నీరూ గురించిన పై చదువుంది. మన అమ్మాయికి అది పుట్టినిల్లు లాంటిది. డెహ్రాడూన్‌లో అటవీ పరిశోధనాసంస్థా, దూరగ్రహణం నేర్పే సంస్థా రెండూ ఉన్నాయి. ఆ రెండోదానిలో చదివిన ఎం.టెక్. వాళ్ళకు పట్టా ఇస్తూ వచ్చింది మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు. ఎక్కడి హిమాలయం, ఎక్కడి వాల్తేరు! సిద్దిపేట జిల్లా ములుగులో అటవీ కళాశాల ఉంది. గేట్ పరీక్షలో వ్యవసాయ ఇంజనీరింగుకు వేరే పేపరుంది. జాతీయ అర్హత పరీక్షలో పరిశోధక వేతనం గెలిస్తే, 2023 జనవరినుంచి సవరించిన లెక్క ప్రకారం మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, తరవాత 42,000. దానికి ఇంటద్దె వేరు. పిల్ల చదువుకు తండ్రి అప్పు చేయనక్కరలేదు సరికదా, ఇంటికి వంద పంపినా పంపగలదు.

విదేశమే అనుకుంటే ఒక్క విషయం మాత్రం గట్టిగా పట్టుకోవాలి. అక్కడ ఒకే పేరుతో రెండు రకాల ఎం.ఎస్.లు ఉంటాయి. ఒకటి క్లాసులు విని పరీక్షలు రాసి పోయేది. దానికి ఫీజు మనమే కట్టాలి, లక్షల్లో. రెండోది ఒక ఆచార్యుడి దగ్గర కుదిరి పరిశోధన చేసి, సిద్ధాంత వ్యాసం సమర్పించేది. అందులో సాధారణంగా ఆచార్యుడి దగ్గరున్న పరిశోధన నిధినుంచో, పాఠాలకు సాయం చేసినందుకో, విద్యార్థికి జీతం ముడుతుంది. మన ఊళ్ళలో బోర్డులు కట్టిన సలహాదారులు మొదటిదాన్నే అమ్ముతారు. ఎంచేతంటే కమిషను అందులోనే ఉంటుంది. విపత్తుల నిర్వహణ అని అందమైన పేరు పెట్టి, వరద కాలువ మొహం చూపించకుండా పట్టా ఇచ్చే చదువులూ లేకపోలేదు. అటువంటిదానికి పొలం తాకట్టు పెట్టవద్దని ఆ తండ్రిగారికి నా ఖండితమైన సలహా. జీతం ఇచ్చే ఆచార్యుడు దొరికితే పంపండి. దొరక్కపోతే రూర్కీ గాని ఖరగ్‌పూర్ గాని దానికేమీ తీసిపోదు. వీసాల సంగతి ఏటా మారుతున్నది. కెనడావాళ్ళు 2024లో విదేశీ విద్యార్థుల సంఖ్యకు పరిమితి పెట్టారు, తరవాత కూడా సవరణలు చేస్తూ వచ్చారు. దరఖాస్తు పెట్టే నెలలో ప్రభుత్వం వారి ప్రకటనే చూసుకోవాలి, పక్కింటి అబ్బాయి పోయినేడాది చెప్పిన మాట కాదు.

ఆచార్యులకు ఉత్తరాలు రాయడం ఒక విద్య. మా పిల్లలు రాసేవి నేను చూస్తూంటాను. ఒకే ఉత్తరాన్ని అరవైమందికి పంపుతారు. పైన పేరు మార్చడం కూడా ఒక్కొక్కప్పుడు మరిచిపోతారు. "తమ అమోఘ పాండిత్యానికి ముగ్ధుడనై" అని ఆరంభించి, ఆ పాండిత్యం దేనిలోనో చెప్పకుండా ముగిస్తారు. చెత్తబుట్ట అందుకే ఉంది. ఆయన రాసిన వ్యాసం ఒకటి పట్టుకుని చదవాలి, రెండుసార్లు చదవాలి. అందులో తనకు తోచిన సందేహం నాలుగు వాక్యాల్లో రాయాలి. తన నది పేరు, తన ఊళ్ళో వరద వచ్చిన తేదీ, తను స్వయంగా కొలిచిందేదైనా ఉంటే ఆ కొలతలు రాయాలి. "మా పొలం మీద ఇంత మందాన ఇసుక పడింది, ఇదీ ఫోటో, ఇవీ పొరలు" అని రాసిన అమ్మాయి ఉత్తరాన్ని ఏ ఆచార్యుడూ చదవకుండా పారేయడు. చాలా విశ్వవిద్యాలయాల్లో శరత్కాలపు చేరికలకు దరఖాస్తుల గడువు డిసెంబరు, జనవరి నెలల్లో ముగుస్తుంది కనక, ఈ ఉత్తరాలు ఆగస్టు, సెప్టెంబరుల్లోనే పోవాలి.

ఉద్యోగాలు? సాఫ్టువేరు జీతాలు రావు. ఆ భ్రమ పెట్టను. పిహెచ్.డి.కి అయిదేళ్ళు పోతాయి. కాని కేంద్ర జల సంఘం ఉంది. 2005 నాటి విపత్తుల చట్టం క్రింద కేంద్రంలోనూ రాష్ట్రాల్లోనూ ఏర్పడిన సంస్థలున్నాయి. పరిశోధనాలయాలున్నాయి, అధ్యాపక పదవులున్నాయి. ఇంజనీరింగు చదివినవాళ్ళకు అటవీ సర్వీసు పరీక్ష రాసే అర్హత ఉంది. నష్టాన్ని ముందే లెక్కకట్టుకోవలసిన అవసరం బీమా కంపెనీలకు ఎవరికంటె ఎక్కువ. వాళ్ళు ఈ చదువు చదివినవాళ్ళను బాగానే పోషిస్తారు.

మా శాఖవాళ్ళు కూడా చేయగల పని ఒకటుంది. భద్రాచలంలో నీరు 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అక్కడ చిన్నపిల్లవాడికి కూడా మూడో హెచ్చరిక అంటే మూట కట్టుకోవాలని తెలుసు. అంకె, మాట, చేయవలసిన పని మూడూ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. అదే ఇంకోచోట "లక్షా యాభై వేల క్యూసెక్కులు విడుదల చేస్తున్నాం" అని మైకులో చెబితే, వినే ముసలమ్మకు నీరు తన గడపదాకా వస్తుందో, కప్పుదాకా వస్తుందో ఎలా తెలుస్తుంది? ఎలాంటి వాక్యం విన్న మనిషి లేచి బయలుదేరతాడు, ఎలాంటిది విని మళ్ళీ పడుకుంటాడు అన్నది భాషాశాస్త్రం, సంఘశాస్త్రం వాళ్ళు తేల్చవలసిన విషయం. ముప్పు తగ్గించే పరిశోధన అంటే వాగులు కొలవడమొక్కటే కాదని గ్రహించి, ఇటువంటివాళ్ళకూ చోటు పెట్టిన విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. గోదావరివాళ్ళు మొదటి వరదను 'ఎర్రనీరు' అంటారు. పులస దాంతోనే ఎదురెక్కి వస్తుందని సంబరపడతారు. ఎగువ కొండల మట్టి నదిలో పడిందన్న వార్తను ఆ ఒక్క మాటలో ఇమిడ్చారు. ఇలాంటి మాటలు ఒక్కొక్క ఏటికీ ఎన్ని ఉన్నాయో ఏరి, వరద లెక్కల పక్కన పెట్టి చూస్తే, తెలుగు ఎం.ఏ. వాడు కూడా జలశాస్త్రజ్ఞుడి పక్కన కుర్చీ వేసుకోవచ్చు.

ఇక నాలుగో ప్రశ్న. మిగిలిన ఆ ఎకరంలో ఇసుక తీయించమంటారా, మానమంటారా అని అడిగారాయన. తీయించండి. భూమి మీది, అప్పూ మీదే, పంట పండాలి. కాకపోతే యంత్రం దిగే ముందు రెండు రోజులు మీ అమ్మాయికి ఇవ్వండి. పొలంలో ఒక మూల, ఏటివైపు ఒకటీ ఇంటివైపు ఒకటీ, పాతనేల తగిలేదాకా రెండు గోతులు నిలువు గోడలతో తవ్వించుకోమనండి. గోడలు కూలకుండా వెడల్పుగా తవ్వాలి, ఒంటరిగా దిగకూడదు. లోపల గులకరాయి పొర ఎంత, ముతక ఇసుక ఎంత, సన్న ఇసుక ఎంత, ఒండ్రు ఎంత, మధ్యలో ఎక్కడైనా నల్లని బూడిదగీత గాని బొగ్గుముక్కలు గాని ఉన్నాయా, టేపు పెట్టి కొలిచి, ప్రతి పొరనుంచీ పిడికెడు సంచీలో కట్టి, తేదీ వేసుకోమనండి. నర్మద ఒడ్డున ఇలాంటి పొరలనే చదివి, కొలతలు లేని శతాబ్దాల వరదల లెక్క తీసినవాళ్ళు మన దేశంలో ఉన్నారు. అది అయ్యాక ట్రాక్టరు పెట్టించండి.